ఉపకారాలు మరవకుండా ఉండాలంటే

కృతజ్ఞత అంటే మనసులో పొంగే భావమే అనుకుంటే, అది ఆదివారం ఆరాధనలో పొంగి సోమవారానికి చల్లారుతుంది. బైబిలు దాన్ని జ్ఞాపకంతో ముడిపెట్టింది. "ఆయన చేసిన ఉపకారములలో దేనిని మరువకుము" అని 103వ కీర్తనలో దావీదు తన ప్రాణానికే ఆజ్ఞ ఇచ్చుకుంటాడు.

136వ కీర్తన చూడండి. 26 వచనాల్లోనూ "ఆయన కృప నిరంతరముండును" అనే పల్లవి వస్తుంది. దానికి ముందు దేవుడు ఎవరో, ఏం చేశాడో ఉంటుంది: సూర్యచంద్రులు, ఎర్రసముద్రం, అరణ్యం, చివరికి సీహోను, ఓగు అనే రాజుల పేర్లు కూడా. మన ప్రార్థనల్లో పల్లవి మిగిలింది, పనులు రాలిపోయాయి. "సమస్త మేలులకై వందనాలు ప్రభువా" అని ఒక్క మేలూ గుర్తుచేసుకోకుండానే ఆమెన్ చెప్పేయొచ్చు.

అందుకే ఒక నోటుబుక్కు పెట్టుకోండి. రాత్రి మూడు వాక్యాలు చాలు: ఏం జరిగింది, ఎవరి ద్వారా వచ్చింది, తేదీ. "ఆరోగ్యం" అని కాదు, "పాపకు జ్వరం తగ్గింది, సాయంత్రం లేచి ఆడుకుంది" అని రాయాలి. ఎడమ పేజీలో ప్రార్థన మనవులు, కుడి పేజీలో వాటికి వచ్చిన జవాబులు. కుడి పేజీయే ఎప్పుడూ ఖాళీగా ఉంటుంది, ఎందుకంటే అవసరం తీరగానే మనవి కూడా మనసులోంచి జారిపోతుంది. లూకా సువార్త 17లో పదిమంది కుష్ఠరోగులూ యేసు మాట విని బయలుదేరారు, పదిమందీ బాగుపడ్డారు. కృతజ్ఞత చెప్పడానికి తిరిగి వచ్చింది మాత్రం ఒక్క సమరయుడు, యూదులు పరాయివాడిగా చూసేవాడు. నెలకోసారి కుటుంబ ప్రార్థనలో ఆ పుస్తకం మొదటినుంచి చదివితే అది మన తిరిగి రావడం అవుతుంది.

కొన్నాళ్లకు అవే మూడు వాక్యాలు మళ్లీ మళ్లీ వస్తాయి. అప్పుడు రోజుకో దిక్కు చూడండి: శరీరం, మనుషులు, పని, బైబిలు వాక్యం, తప్పిన కీడు, దొరికిన గద్దింపు. (గద్దింపు రాయడమే అన్నిటికన్నా కష్టం.) ఒక రోజు తప్పిపోతే వదిలేయండి, బాకీ తీర్చినట్టు రాస్తే విసుగొస్తుంది.

ఇంకో పొరపాటు ఇంతకన్నా ప్రమాదం. లూకా 18లో పరిసయ్యుడి (ధర్మశాస్త్రాన్ని నిష్ఠగా పాటించే యూదుడి) ప్రార్థన కూడా కృతజ్ఞతాస్తుతితోనే మొదలవుతుంది, కానీ ఎదుటివాడి తక్కువతనం మీద నిలబడుతుంది. "వాళ్లకు జరిగినట్టు మాకు జరగలేదు, స్తోత్రం" అని రాశారా? కొట్టేసి, వాళ్ల పేరు ఎడమ పేజీలో రాయండి.

దుఃఖంలో ఉన్నవాళ్లను స్తోత్రం చెప్పమని తొందరపెట్టకండి. 13వ కీర్తన "ఎన్నాళ్లు" అని మొరపెట్టాకే పాటలోకి వస్తుంది. 88వ కీర్తన చీకటిలోనే ముగుస్తుంది, అయినా అదీ ప్రార్థనే.

భోజనానికి ముందు ప్రార్థన అందరికీ అలవాటే. ద్వితీయోపదేశకాండము 8:10 మాత్రం తిని తృప్తిపొందాక స్తుతించమంటుంది. ఇళ్లు, పశువులు, వెండి బంగారాలు పెరిగాక మనసు గర్వించి దేవుణ్ణి మరుస్తుందన్న హెచ్చరిక ఆ వెంటనే ఉంది. కాబట్టి చేయి కడుక్కుని లేచేముందు ఒక్క మాట ప్రభువుకు, ఇంకో మాట వండినవాళ్లకు.