మిర్చి పరీక్షల రోబోకి పదహారు నిమిషాల లెక్క: నా అనుభవం

గుంటూరు యార్డుకి సరుకు పోటెత్తే రోజుల్లో మా ల్యాబ్‌కి మిర్చి శాంపిళ్లు సంచులకొద్దీ వస్తాయి. ఐరోపాకి వెళ్లే సరుకులో అఫ్లాటాక్సిన్ బీ1 అనే బూజు విషం కిలోకి 5 మైక్రోగ్రాములు దాటకూడదు కాబట్టి ఎలైజా చేస్తాం, అంటే యాంటీబాడీలతో విషాన్ని పట్టి, వచ్చే రంగుని బట్టి కొలిచే పరీక్ష. ద్రవాలు కొలిచి పోసే పిపెట్ మెషీన్, కడిగే వాషర్, రంగు కొలిచే రీడర్, వీటి మధ్య ప్లేట్లు (చిన్న గుంటలున్న పళ్లేలు) మోసే రోబో చెయ్యి. ఈ నాలుగింటికీ వరస కుదర్చడం నా పని.

మా కిట్‌తో ఒక్క ప్లేటు లెక్క ఇది. మిక్సింగ్ వెల్స్‌లో (కలిపే గుంటల్లో) శాంపిల్, కాంజుగేట్ (ఎంజైమ్ తగిలించిన అఫ్లాటాక్సిన్) కలిపి యాంటీబాడీ ప్లేటులోకి మార్చడానికి 13 నిమిషాలు. తర్వాత 30 ఆగాలి. మోతతో కలిపి వాషింగ్‌కి 4. రంగు తెప్పించే టీఎంబీ పొయ్యడానికి 1, పోసిన సరిగ్గా 15 నిమిషాలకి ఆ చర్యని ఆపే స్టాప్ సొల్యూషన్‌కి ఇంకో 1. చివర 450 నానోమీటర్ల దగ్గర రీడింగ్.

పిపెట్ మెషీన్ మీద పడేది మొత్తం 15 నిమిషాలు. అందుకని 15కో ప్లేటు వదిలితే మెషీన్ క్షణం ఖాళీ ఉండదనుకుని బోల్తా పడ్డాను. మొదటి ప్లేటుకి 47వ నిమిషంలో టీఎంబీ, 62లో స్టాప్. రెండోదాని టీఎంబీ 15+47, అదీ 62లోనే! ఇక ఎన్ని ప్లేట్లు పెట్టినా వెనకా ముందూ ఉన్నవాటికి గుద్దులాటే.

16కి మారిస్తే చిక్కు విడింది. ప్రతి చుట్టులో 0 నుంచి 13 దాకా కొత్త శాంపిళ్లు, 14లో ఒక పాత ప్లేటుకి స్టాప్, 15లో ఇంకోదానికి టీఎంబీ. పది ప్లేట్లకి పోయేది 9 నిమిషాలే. 13కీ 14కీ మధ్య మిగిలిన నిమిషం కూడా ఊరికే పోదు: మెథనాల్‌తో తీసిన మిర్చి రసం సరిగ్గా వడకట్టకపోతే పిప్పి టిప్‌కి అడ్డంపడి, 13 కాస్తా 14 అవుతుంది.

రకరకాల కిట్లు కలిస్తే చేతిలెక్క చాలదు, ఓఆర్-టూల్స్ అనే సాఫ్ట్‌వేర్‌లో సీపీ-శాట్ వాడతాను. షరతులిస్తే వాటికి సరిపోయే వరస వెతికిపెట్టే సాల్వర్ అది. అది పూర్ణసంఖ్యలే తీసుకుంటుంది, కనుక సమయమంతా సెకన్లలో రాయాలి. మెషీన్‌కొక నో-ఓవర్‌ల్యాప్ (ఒకేసారి రెండు పనులు పడకూడదనే షరతు) పెట్టాలి, రోబో చేతికి కూడా. అది ఖాళీగా తిరిగొచ్చే సమయం మర్చిపోవద్దు. టీఎంబీకీ స్టాప్‌కీ మధ్య 900 సెకన్లకి ‘సమానం’ అని రాయాలి. ‘కనీసం’ అంటే సాల్వర్ నిశ్చింతగా ఇరవై నిమిషాలు కూచోబెడుతుంది. రంగు ముదిరి రీడర్ పరిధి దాటితే, తక్కువ విషం ఉన్న శాంపిళ్ల మధ్య తేడా చెరిగిపోతుంది. ఈ పరీక్షలో విషం తగ్గేకొద్దీ రంగు పెరుగుతుంది మరి.

వాషర్‌లో ఒక ప్లేటుండగా చెయ్యి ఇంకోటి పట్టుకుని నిలబడితే అంతా బిగుసుకుపోతుంది. అందుకే ఒక స్టాండు ఎప్పుడూ ఖాళీగా ఉంచుతాను. మధ్యలో ఎర్రరొస్తే కొత్త ప్లేట్లు ఆపి, టీఎంబీ పడ్డవాటిని ముందు తేల్చి, మిగతావాటిని మళ్లీ సాల్వర్‌కి ఇస్తాను.