వాసన తెలియని అమ్మ కోసం గ్యాస్ డిటెక్టర్ పెట్టించాం

కోవిడ్ తగ్గాక అమ్మకు నోటికి రుచి తెలుస్తోంది గానీ వాసన మాత్రం సరిగ్గా రాలేదు. కాఫీ పొడి డబ్బా మూత తీసి ముక్కు దగ్గర పెట్టినా ఏమీ తెలియడం లేదంటుంది. వంటగ్యాస్‌కు నిజానికి సొంత వాసన ఉండదు. లీకైతే జనానికి తెలియాలనే ఇథైల్ మెర్కాప్టన్ అనే ఘాటు రసాయనాన్ని అందులో కలుపుతారు. ఆ ఏర్పాటు మా అమ్మకు పనికిరాదు. నాన్నేమో భోజనం చేసి నడుం వాల్చారంటే సాయంత్రం దాకా లేవరు. గుంటూరు ఇంట్లో ఉండేది వాళ్లిద్దరే. తలుచుకున్నప్పుడల్లా నాకు టెన్షన్‌గా ఉండేది. అందుకే తమ్ముడూ నేనూ వెళ్లి గ్యాస్ డిటెక్టర్, స్మోక్ డిటెక్టర్లు దగ్గరుండి పెట్టించాం.

కొనడం తేలికే. ఎక్కడ పెట్టాలన్న దగ్గరే అసలు చర్చ నడిచింది. ఎలక్ట్రీషియన్ కుర్రాడు స్టవ్ మీద చిమ్నీ పక్కన చెయ్యి పెట్టి చూపించాడు.

"ఇక్కడైతే నీట్‌గా ఉంటుందక్కా, అందరికీ కనిపిస్తుంది."

"సిలిండర్ గ్యాస్ గాలికన్నా బరువు బాబూ. పైకి లేవదు, నేల మీద పరుచుకుంటుంది. అది అక్కడిదాకా వచ్చేసరికి ఆలస్యమైపోతుంది."

గాలిలో ఎల్పీజీ సుమారు 2 శాతం చేరితే చాలు, నిప్పురవ్వ తగిలిందంటే అంటుకుంటుంది. అందులో ఐదో వంతుకు చేరేలోపే డిటెక్టర్ మోగాలి. అందుకని సిలిండర్‌కు రెండు మూడు అడుగుల దూరంలో, నేలకు అడుగు ఎత్తున గోడకు బిగించాం. గట్టు కింద అలమరలో పెడితే తలుపు మూసినప్పుడు బయటి గ్యాస్ దానికి అందదు. బియ్యం బస్తా అడ్డం వచ్చే చోటా, వంటిల్లు కడిగినప్పుడు నీళ్లు చిమ్మే చోటా కూడా వద్దనుకున్నాం. డ్రిల్లింగ్ మొదలుపెట్టకముందే రెగ్యులేటర్ తీసి, సిలిండర్‌కు సేఫ్టీ క్యాప్ బిగించి, పెరట్లో పెట్టాం. మెయిన్ దగ్గర కరెంటు ఆపే ఎంసీబీ స్విచ్ దించి, టెస్టర్‌తో చూశాకే గోడకు రంధ్రం వేశాడు. గోడలోపలి వైర్లు ఎక్కువగా స్విచ్‌బోర్డుకు నిట్టనిలువుగా వెళ్తాయి కాబట్టి బోర్డుకు సరిగ్గా పైన, కింద డ్రిల్ పెట్టనివ్వలేదు.

తర్వాత స్విచ్ సంగతి. మన ఇళ్లలో ప్రతి ప్లగ్గుకూ ఒక స్విచ్ ఉంటుంది. పడుకునే ముందు వంటింట్లో స్విచ్‌లన్నీ ఒక్కొక్కటిగా ఆపడం అమ్మకు పెళ్లయిన నాటి నుంచీ అలవాటు. డిటెక్టర్ స్విచ్ కూడా ఆ వరసలో ఆగిపోతే రాత్రంతా అది పని చేయదు. స్విచ్ మీద టేప్ అంటిద్దామన్నాడు తమ్ముడు. పండగకు ఇల్లు దులిపేటప్పుడు ఆ టేప్ ఊడిపోతుందని నేను ఒప్పుకోలేదు. చివరికి ఎలక్ట్రీషియనే స్విచ్ లేకుండా ఇన్వర్టర్ లైన్ నుంచి నేరుగా కనెక్షన్ ఇచ్చాడు. ఇప్పుడు కరెంటు పోయినా అది పనిచేస్తుంది. ఈ పని మొత్తంలో నాకు బాగా తృప్తినిచ్చింది ఇదే.

స్మోక్ డిటెక్టర్లు బ్యాటరీవి తీసుకున్నాం. పొగ పైకి లేస్తుంది గనుక అవి సీలింగ్‌కే ఉండాలి. ఒకటి హాల్లో, ఒకటి పడకగది బయట పెట్టించాం. ఫ్యాను గాలి పొగను చెదరగొడుతుంది కాబట్టి దానికి దూరంగా బిగించాం. వంటింట్లో పెడితే తాలింపు వేసిన ప్రతిసారీ మోగుతుంది. అమ్మ శుక్రవారం సాయంత్రం సాంబ్రాణి వేస్తుంది, అందుకని పూజగది దగ్గరా వద్దన్నాం. ఊరికే మోగే అలారం బ్యాటరీ ఎవరో ఒకరు పీకేస్తారు. నాన్నను గదిలో తలుపు వేసుకుని పడుకోమని టెస్ట్ బటన్ నొక్కి చూశాం. వినిపించిందన్నాకే నిచ్చెన తీశాం.

అలారం మోగితే ఏం చేయాలో అమ్మానాన్నలిద్దరి చేతా చేయించి చూశాం. స్టవ్ వెలుగుతుంటే ఆపి, రెగ్యులేటర్ కట్టేసి, తలుపులూ కిటికీలూ తీసి బయటికి వచ్చేయాలి. లైటు వేయకూడదు, వేసి ఉన్నది ఆపకూడదు. ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేస్తే గ్యాస్ బయటికి పోతుందని నాన్న అనుకున్నారు. ఆ స్విచ్‌లో పుట్టే చిన్న మెరుపుకే గ్యాస్ అంటుకుంటుందని చెప్తే ఆయన ముఖం మారిపోయింది. ఫోన్ కూడా వీధిలోకి వచ్చాకే చేయాలి. గ్యాస్ లీకేజీకి దేశమంతటా ఉన్న నంబరు 1906. దాన్ని పెద్ద అక్షరాలతో రాసి వీధి తలుపు లోపలి వైపు అంటించాం.

ఈ డిటెక్టర్లకు కాలపరిమితి ఉంటుంది. గ్యాస్‌ది మామూలుగా ఐదారేళ్లు, పొగది పదేళ్లు. మార్చాల్సిన సంవత్సరం వాటి మీదే మార్కర్‌తో రాశాం. ఆ చేత్తోనే గ్యాస్ ట్యూబ్ మీది తేదీ చూస్తే దానికీ ఐదేళ్లు నిండుతున్నాయి. వెంటనే కొత్త సురక్ష ట్యూబ్ వేయించి, ట్యూబ్ బిగించిన చోట్ల సబ్బు నురగ రాసి బుడగలు రావడం లేదని చూసుకున్నాం.

హైదరాబాదులో తమ్ముడి ఫ్లాటుకు పైపు గ్యాస్ వస్తుంది. అందులో ఉండేది మీథేన్, గాలికన్నా తేలిక. అందుకని అక్కడ సీలింగ్‌కు అడుగు దిగువన పెట్టాలి. వాడు ఎలక్ట్రీషియన్‌తో మాట్లాడాడు, ఈ ఆదివారం బిగిస్తున్నారు.