వరండాలో కాంట్రా

మన టెన్త్ బ్యాచ్ రీయూనియన్ సావనీర్‌కి ఏదో ఒకటి రాసియ్యమని కమిటీ వాళ్ళు గ్రూపులో రెండు నెలల్నించి అడుగుతున్నారు, మన సెక్రటరీ అయితే మొన్న ఆదివారం పొద్దున్నే ఫోన్ చేసి "నీకు రెండు పేజీలు ఖాళీ పెట్టాం, డ్రాయింగు సారు గురించి నువ్వు కాకపోతే ఇంకెవరు రాస్తారు" అన్నాడు. ఆ మాట అన్నాక ఇంక రాయకుండా ఉండలేకపోయా.

ఆరు, ఏడు, ఎనిమిది క్లాసుల గురించి మిగతావాళ్ళు రాస్తారులే. ఇడ్లీ కేసు సంగతి, మనం రేడియో అని పిలిచేవాడే, వాడు రాస్తానన్నాడు, చింతచెట్టు సంగతి ఓగూరు బ్యాచ్ చూసుకుంటారు. నాకు టెన్త్ ఒక్కటే గుర్తు, అందులో కూడా మన పాత బిల్డింగు వరండా, లైబ్రరీ గది ముందు ఉండేదే, అదే.

బస్టాండు ఎదురు వీడియో గేమ్ షాపు గుర్తుందిగా. అక్కడ కాంట్రా అనే తుపాకుల గేము కోసం మనం ఎన్ని రూపాయలు పోశామో లెక్కే లేదు. పైన పైన కింద కింద ఎడమ కుడి ఎడమ కుడి బీ ఏ నొక్కితే ముప్పై లైఫులు, ఇది ఇప్పుడు నిద్రలో లేపి అడిగినా ఎవరైనా చెప్తారు. గుళ్ళు వెదజల్లే ఎస్ గన్ దొరికితే దొరికినోడు రాజు. కానీ కరెంటు పొయ్యేది, సరిగ్గా జలపాతం ఎక్కుతుండగానే పొయ్యేది, పోయిన టైముకి కూడా షాపాయన డబ్బులు పట్టుకునేవాడు. అట్టాంటి ఒక మధ్యాన్నం ఊరికే కూర్చోలేక వరండాలో సుద్దతో గీతలు గీసి, సుద్దముక్కల్నే సోల్జర్లు చేసి కాంట్రా మొదలుపెట్టాం. నేను, రేడియో, పొట్టోడు, మన లీడరు. విరిగిపోయిన మార్కాపురం పలకల ముక్కలు గోడలు, ఇంకు సీసా మూత మిషన్ గన్ బంకరు. బెత్తెడు నడక, జాన దూరం తుపాకి. లూడో పాచిక వేసి నాలుగు దాటితే తగిలినట్టు.

రెండో రోజే కొట్లాట. పలక వెనకాల ఉన్న నా బొమ్మని కాల్చానని పొట్టోడు, కనపడదు కదరా అని నేను. అదే టైముకి డ్రాయింగు సారు వచ్చారు.

మనందరం బెత్తం దెబ్బలు అనుకున్నాం, లీడరైతే అప్పటికే బొమ్మల్ని జేబులో వేసుకుంటున్నాడు. సారు పంచె కొంచెం పైకి లాక్కుని, ఆ బండల మీద బోర్లా పడుకున్నారు. నిజంగా పడుకున్నారు, తెల్ల చొక్కాతో. ఒక కన్ను మూసి పొట్టోడి బొమ్మ వెనకాల గడ్డం ఆనించి చూసి "అబ్బయ్యా, నువ్వు నీ కంటితో చూస్తన్నావు, నీ బొమ్మ కంటితో చూడు, వాడి టోపీ ఒక్కటే కనపడతంది" అన్నారు. తర్వాత తన పక్క జేబులోంచి దారపుండ తీశారు. బొమ్మ తలకాయ దగ్గర్నించి అవతల బొమ్మ దాకా దారం లాగండి, మధ్యలో పలక తగిలితే కాల్చటానికి లేదు, సగం ఒళ్ళు కనపడితే ఐదు దాటాలి. ఆ రోజు నుంచి మార్చిలో పరీక్షలయ్యే దాకా శనివారం మధ్యాన్నాలు ఆ దారం మాదే.

అందరూ ఒకేసారి కదిలితే గోల గోల అయిపోతుందని ఆయనే మార్చారు. "పులి మేకలో అందరూ ఒకేసారి కదుల్తారంట్రా? ఒకటి నువ్వు, ఒకటి వాడు." ఇంకో రోజు లీడరు పెద్ద బాసు బొమ్మ చేసుకొచ్చి దాంతో మా అందర్నీ చంపేస్తుంటే సారు దేవళం మెట్ల మీద గీసుంటుంది చూడండి అని పులిజూదం పటం వేసి అడిగారు, మూడు పులులకి పదిహేను మేకలు ఎందుకు పెట్టారు పెద్దోళ్ళు అని. ఎవరికీ తెలియలా. బలం ఉన్నదానికి ఖరీదు ఎక్కువ పెట్టాలి, లేకపోతే ఆట ఆట కాదు అన్నారు. అప్పుడు మొదలయ్యాయి సోడా మూతలు. కూల్‌డ్రింక్ షాపు దగ్గర ఏరుకొచ్చిన మూతలు, తలా ఇరవై, సుద్ద సోల్జరు రెండు మూతలు, ఎస్ గన్ ఉన్నోడు ఐదు, లీడరు బాసు పన్నెండు. మూతలన్నీ సారు దగ్గర హార్లిక్స్ సీసాలో ఉండేవి, స్టాఫ్ రూములో అట్లాసుల పక్కన, మిగతా సార్లు అడిగితే "నా బ్యాంకు" అనేవారు.

బొమ్మలు చెక్కటం కూడా అప్పుడే. సుద్ద విరిగిపోతుందని చెరువు బంకమట్టి తెప్పించి, నీడలో ఆరబెట్టించి, కాంపాస్ బాక్సులో డివైడర్ ముల్లుతో కళ్ళు పెట్టటం నేర్పించారు. నేను నా బొమ్మకి క్యామెల్ డబ్బాలో ఆకుపచ్చ అంతా ఒకటే పూత పూసి తీసుకెళ్తే చాలాసేపు తిప్పి తిప్పి చూసి "వెలుగు ఎటు నుంచి వస్తంది రా దీనికి?" అన్నారు. సూర్యుడు పైనుంటే భుజాల మీద, టోపీ మీద లేతగా, చంకల్లో ముదురుగా. నా జీరో నంబరు బ్రష్షు ఆయనిచ్చిందే. ఇచ్చేటప్పుడు ఏమీ అన్లేదు, బాక్సులో పెట్టి మూసేశారు.

పరీక్షలు, రిజల్టు, ఫేర్‌వెల్, అదంతా మీకు తెలిసిందే. 2001 తర్వాత నేను నెల్లూరులో ఇంటరు, చెన్నైలో ఇంజనీరింగు, బెంగుళూరు.

2019లో మా ఆఫీసులో ఒకతను ఇంటికి పిలిచి ఒక పెట్టె తెరిచాడు. ఫాల్అవుట్: వేస్ట్‌ల్యాండ్ వార్‌ఫేర్. ఫాల్అవుట్ అని కంప్యూటర్ గేమ్ ఉంది, 1997 నుంచి వస్తోంది, దాన్ని పట్టుకుని లండన్‌లో మోడిఫియస్ అనే కంపెనీ 2018లో టేబుల్ మీద బొమ్మలతో ఆడే ఆట చేసింది. కథ ఏందంటే 2077లో అణుయుద్ధం అయిపోతుంది, భూమి కింద వాల్టులనే బంకర్లలో దాక్కున్నవాళ్ళు, వాళ్ళ వారసులు తర్వాతెప్పుడో బయటికొస్తారు, పైన శిథిలాలు, రాక్షసుల్లాంటి సూపర్ మ్యూటెంట్లు. డబ్బులు లేవు, కోలా సీసాల మూతలే డబ్బు. టేబుల్ మీద ఆటలో కూడా ఎవరి జట్టు ఎంత అనేది మూతల్లోనే లెక్క, పవర్ ఆర్మర్ అనే యంత్రం లాంటి కవచం తొడుక్కున్నోడికి ఎక్కువ మూతలు, మామూలోడికి తక్కువ. నేను ఆ పుస్తకంలో ఆ పేజీ దగ్గర ఆగిపోయా. అతను ఏమైంది అంటే చెప్పటానికి గొంతు రాలేదు. హార్లిక్స్ సీసా కనపడింది నాకు.

తర్వాత ఒక్కొక్కటీ చూస్తుంటే ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు కదపటం, ఒక్కో బొమ్మకి రెండు పనులు, నడవటమో కాల్చటమో. జానలు బెత్తెలు బదులు రంగురంగుల కొలబద్దలు, ఒక్కో తుపాకికి ఒక్కో రంగు దూరం. ఇరవై మొహాల పాచిక వేసి నీ నైపుణ్యం అంకె అంతో, అంతకు తక్కువో పడితే తగిలినట్టు, దాంతోపాటు రంగు పాచికలు వేస్తే గురి, దెబ్బ పెరుగుతాయి. అవతల మనిషి లేకపోయినా ఆడొచ్చు, ఎదుటి బొమ్మ ఎటు పోవాలో ఏం చెయ్యాలో చెప్పే కార్డులు ఉంటాయి, మా ఇంట్లో అందరూ పడుకున్నాక ఎన్ని రాత్రులు అట్టా ఆడానో. బొమ్మలు 32 ఎంఎం కొలత, అంటే మన సుద్దముక్కలో సగం కూడా ఉండవు, కానీ మొహం మీద ముడతలు కూడా కనపడతాయి. రెసిన్ ముక్కలు ఫెవిక్విక్‌తో అతికించి, ముందు నల్ల ప్రైమరు కొట్టి, పైనుంచి మాత్రమే తెల్ల స్ప్రే కొడితే వెలుగు ఎక్కడ పడుతుందో దానంతట అదే తెలుస్తుంది, దాని మీద పల్చగా రంగు. దీన్ని జెనిథల్ అంటారు, ప్రపంచమంతా చాలామంది ఇట్టాగే వేస్తారు. డ్రాయింగు సారు దీనికి పేరు చెప్పలేదు, అంతే తేడా.

ఇప్పుడు నా దగ్గర 140 పైన బొమ్మలున్నాయి, అన్నీ నేను వేసినవే. మేడ మీద గదిలో నాలుగడుగుల బల్ల, ఆదివారాలు ఏడెనిమిది మంది వస్తారు, వేరే ఊళ్ళ నుంచి తమ బొమ్మలు పంపించి రంగులు వెయ్యమని అడుగుతారు. ఆఫీసులో డిజైన్ టీము నా కింద 40 మంది, కొత్తగా వచ్చిన పిల్లలకి మొదటి రోజు నేను చెప్పేది ఒకటే, మీరు గీసిన పార్టు పక్కన మీరే నిలబడి చూడండి అని. మా అమ్మాయి ఇప్పుడు టెన్త్, కుక్క బొమ్మ డాగ్‌మీట్ దానిదే, ఎవర్నీ ముట్టుకోనివ్వదు. జీరో నంబరు బ్రష్షు వెంట్రుకలు అరిగిపోయినా దాని పెన్నుల డబ్బాలో ఉంది.

2023 సంక్రాంతికి ఊరికొచ్చినప్పుడు బొమ్మలన్నీ కారులో వేసుకొచ్చా. అప్పటికి మన ఊరు నెల్లూరు జిల్లాలో కలిసి ఏడాది కూడా కాలేదు, మనం చదివినప్పుడు ప్రకాశం, 1970కి ముందు మా నాయన చదివినప్పుడు నెల్లూరే, ఆయన ఇందులో కొత్తేముంది అంటాడు. సారు ఇంటికెళ్ళా. కళ్ళకి ఆపరేషన్ అయింది, నల్లద్దాలు. నన్ను గొంతుతోనే పట్టారు. అరుగు మీద చాప వేసి బొమ్మలు పేర్చి, ఒక పాత పలక ముక్క గోడగా పెట్టి, ఇది మ్యూటెంట్, ఇది కుక్క అని చెప్తుంటే ఆయన వినట్లేదు. అద్దాలు తీసేశారు. మెల్లగా, గోడ పట్టుకుని, చాప మీదకి ఒరిగారు, వాళ్ళ కోడలు మామయ్యా మామయ్యా అని పరిగెత్తుకొచ్చింది. ఒక కన్ను మూసి కుక్క వెనకాల నుంచి చూశారు, చాలాసేపు.

"దీనికి వాడు కనపడడు రా. చెవి అడ్డం."

నిజమే. నేను నాలుగేళ్ళు ఆడినా చూసుకోలా. లేపి కూర్చోబెట్టాక మ్యూటెంట్ని చేతిలోకి తీసుకుని వేలితో భుజం తడిమి "వెలుగు బాగా పెట్టావు" అన్నారు, అంతే, కాఫీ తెమ్మని లోపలికి కేకేశారు.

రీయూనియన్ రోజు నేను ముందు రోజు రాత్రికే వస్తా. లైబ్రరీ గది ముందు వరండా ఇంకా అట్టాగే ఉందని రేడియో చెప్పాడు, బండలు కూడా మార్చలేదంట. బొమ్మలు, పాచికలు, కొలబద్దలు నేను తెస్తా. సారుని కారులో తీసుకొచ్చే బాధ్యత నాదే, పొద్దున పది లోపల. పొట్టోడా, నీకు మ్యూటెంట్లు. లీడరు ఈసారి కూడా బాసునే అడుగుతాడు, మూతలు సరిపోతే తీసుకోమనండి. మూతలు మాత్రం ఊళ్ళో ఉన్నోళ్ళు ఎవరైనా ఏరి పెట్టండి, ఎనభై కావాలి, ఒక దారపుండ కూడా.