లా ఆప్షనల్‌లో యుద్ధ చట్టాలు: నాకు పదిహేనుకి రెండు ఎందుకొచ్చాయంటే

సివిల్స్ మెయిన్స్‌లో నేను ఎంచుకున్న సబ్జెక్టు లా. అందులో పేపర్ 1లో అంతర్జాతీయ మానవతా చట్టం, అంటే యుద్ధంలో పాటించాల్సిన నియమాల దాకా వచ్చేసరికి అందరికీ ఓపిక అయిపోతుంది. నేనూ అంతే, 1949, నాలుగు జెనీవా ఒప్పందాలు, 1977లో వాటికి అనుబంధంగా రెండు ప్రోటోకాల్స్ అని ఒక పేజీ నోట్స్ రాసుకుని దులిపేసుకున్నా.

టెస్ట్ సిరీస్‌లో దొరికిపోయా. దురాక్రమణకి దిగిన దేశపు సైనికుడు పట్టుబడితే యుద్ధ ఖైదీ రక్షణలు ఉంటాయా అని అడిగారు. నేను యూఎన్ చార్టర్ 2(4) (బలప్రయోగంపై నిషేధం), 51 (ఆత్మరక్షణ హక్కు) అంటూ రెండు పేజీలు నింపి, తప్పు వాళ్లదే కాబట్టి ఉండవని తీర్పిచ్చేశా. పదిహేనుకి రెండు మార్కులు! యుద్ధానికి దిగడం సబబా కాదా అన్నది ఒక చట్టం, దిగాక ఎలా పోరాడాలన్నది ఇంకో చట్టం. ఈ రెండోదానికి ఎవరు మొదలుపెట్టారన్నదాంతో పనిలేదు. అది బుర్రకెక్కాకే మిగతాది కదిలింది.

తర్వాత ఆర్టికల్స్ బట్టీ మానేసి, ఎదురుగా ఉన్న మనిషెవరు అని చూడడం మొదలుపెట్టా. నేలమీద గాయపడినవాడైతే మొదటి ఒప్పందం, సముద్రంలో అయితే రెండోది, చిక్కిన సైనికుడికి మూడోది, మామూలు జనానికి నాలుగోది. 2019 ఫిబ్రవరిలో మన వాయుసేన పైలట్ అభినందన్ పాకిస్తాన్‌కి చిక్కినప్పుడు యుద్ధం ప్రకటించనే లేదు కదా అంటారు, అక్కర్లేదు, కామన్ ఆర్టికల్ 2 చాలు (నాలుగు ఒప్పందాల్లోనూ ఉండే ఆర్టికల్ ఇది, ప్రకటించకపోయినా దేశాల మధ్య సాయుధ పోరు ఉంటే ఒప్పందాలు వర్తిస్తాయంటుంది). ఖైదీ తన పేరు, ర్యాంకు, పుట్టిన తేదీ, సర్వీస్ నంబర్ చెప్తే సరి (మూడో ఒప్పందం, 17). ఖైదీని జనం ముందు ప్రదర్శన పెట్టకూడదు (13). పోరు ఆగగానే ఆలస్యం లేకుండా పంపాలి (118). మరి 1971 డిసెంబర్‌లో మనకి చిక్కిన సుమారు 93 వేల మంది పాకిస్తాన్ ఖైదీలు, వాళ్లని పంపడానికి కుదిరిన 1973 ఆగస్టు ఢిల్లీ ఒప్పందం దాకా ఎందుకు ఆగారు? మనకి ఇబ్బందిగా ఉండే ఇలాంటి ప్రశ్నలనే నిజాయితీగా రాయండి.

మన కేసు కావాలంటే మోంటీరో వర్సెస్ గోవా (1969) ఉంది. గోవా విలీనంతో ఆక్రమణ ముగిసింది, కాబట్టి నాలుగో ఒప్పందం రక్షణ వర్తించదని సుప్రీంకోర్టు చెప్పింది. ఈ ఒప్పందాల కోసం మనం చేసుకున్న 1960 జెనీవా కన్వెన్షన్స్ చట్టం కూడా అక్కడే వస్తుంది. 1977 ప్రోటోకాల్స్‌లో ఇండియా చేరలేదన్నది మర్చిపోకండి.

ఇంకోటి, కురుక్షేత్ర ధర్మయుద్ధంతో ఇంట్రో మొదలుపెట్టకండి బాబూ, పక్క బెంచీలో వాళ్లూ అదే రాస్తుంటారు. 2005 నాటి మూడో ప్రోటోకాల్, అది తెచ్చిన ఎర్ర స్ఫటికం గుర్తు (రెడ్‌క్రాస్ లాంటి ఇంకో రక్షణ చిహ్నం), వీటికి రెండు లైన్లు చాలు.