సినిమా సగంలో ఇంటికి వెళ్లే పిల్లలు

బర్మింగ్‌హామ్‌లో నేను పనిచేసే ఆఫ్టర్ స్కూల్ క్లబ్బులో పిల్లలకు సినిమా వేయడమంటే బయటివారికి తేలికైన పనిలాగే కనిపిస్తుంది గానీ, దాని వెనుక చూసుకోవలసినవి చాలా ఉంటాయి. ఇంట్లో కట్టే ఓటీటీ చందాతో క్లబ్బులో సినిమా చూపించకూడదు. అందుకు వేరే లైసెన్సు ఉండాలి. ఆ తరువాత రేటింగు చూడాలి. బ్రిటిష్ బోర్డ్ ఆఫ్ ఫిల్మ్ క్లాసిఫికేషన్ ‘యు’ ఇచ్చిందంటే నాలుగేళ్లు నిండినవారు ఎవరైనా చూడవచ్చు. ‘పీజీ’ ఇచ్చిందంటే సుమారు ఎనిమిదేళ్లు, ఆ పైబడిన వారిని అది మామూలుగా కలవరపెట్టదు గానీ, అంతకన్నా చిన్నవారి విషయం పెద్దలే ఆలోచించుకోవాలి. మా దగ్గర బడిలో అప్పుడే చేరిన నాలుగేళ్ల రిసెప్షన్ తరగతి పిల్లలు, పదకొండేళ్ల ఇయర్ సిక్స్ పిల్లలు ఒకే హాల్లో కూర్చుంటారు కాబట్టి, పీజీ సినిమాకు ముందుగా తల్లిదండ్రుల సంతకాలు తీసుకుంటాము. “బొమ్మల సినిమానే కదక్కా, దీనికి కూడా సంతకమెందుకు?” అని పాపను తీసుకెళ్లడానికి వచ్చిన గుంటూరు అమ్మాయి ఒకామె నన్ను అడిగింది.

ఆమె అలా అడిగింది ‘కోకో’ అనే సినిమా గురించి. సంగీతం మీద ఏదైనా వేద్దామని మా మేనేజరు దాని పేరు చెప్పి, ముందుగా చూసి అభిప్రాయం చెప్పే పని నాకు అప్పగించారు. 2017లో పిక్సార్ తీసిన ఈ సినిమాకు ఇక్కడ ఉన్నది పీజీ రేటింగే. చెప్పులు కుట్టే మెక్సికన్ కుటుంబంలో, పాట అన్న మాటే వినపడకూడని ఇంట్లో పుట్టిన మిగెల్ అనే పన్నెండేళ్ల కుర్రవాడు దొంగచాటుగా గిటారు నేర్చుకుని, పోయిన పెద్దలను తలచుకునే పండుగ రోజున వారి లోకంలోకే వెళ్లిపడతాడు.

ఆ లోకంలో ఉండేవాళ్లంతా అస్థిపంజరాలే కాబట్టి, అందరూ ముందుగా అడిగేది వాటి గురించి. నా దృష్టిలో అది అసలు సమస్యే కాదు, ఎందుకంటే అక్టోబరు వస్తే ఇక్కడి సూపర్‌మార్కెట్లలో హాలోవీన్ పుర్రెలు చాక్లెట్ల పక్కనే వేలాడుతుంటాయి. ఇంట్లో మా చిన్నది అస్థిపంజరాలను చూసి నవ్వింది, నానమ్మ అందరి ముందూ మిగెల్ గిటారును నేలకేసి కొట్టిన చోట మాత్రం నా చెయ్యి పట్టుకుని, “నానమ్మకి అంత కోపమెందుకు?” అని అడిగి, జవాబు చెప్పేదాకా సినిమా ఆపించింది.

నాకు అసలు అనుమానం వేరే చోట వచ్చింది. ఈ సినిమా నిడివి సుమారు 105 నిమిషాలు. స్కూలు వదిలాక హాజరు, పాలు, టోస్టు అయ్యేసరికి నాలుగవుతుంది, ముప్పావుగంట తిరగకముందే తల్లిదండ్రులు రావడం మొదలవుతుంది. బతికున్నవారిలో తలచుకునే మనిషి లేక ఒక ముసలి గిటారిస్టు పరలోకంలో కూడా మాయమైపోయే ఘట్టం ఇంచుమించు ఆ సమయానికే వస్తుంది. పాట కోసం ఇల్లు విడిచిన ఎక్టర్, అంటే మిగెల్ ముత్తవ్వకు తండ్రి, ఇంటికి తిరుగు ప్రయాణమైన రాత్రే స్నేహితుడి చేతిలో విషానికి బలయ్యాడని తెలిసే ఘట్టం మూడింట రెండు వంతుల దగ్గర వస్తుంది. మా తలుపు దగ్గర రద్దీ ఎక్కువగా ఉండేది కూడా అప్పుడే. ఇన్ని గాయాలకూ మందు చివరి పావుగంటలో, మిగెల్ తన ముత్తవ్వ దగ్గర కూర్చుని పాడే పాటలో ఉంది. రేటింగు ఇచ్చినవారు సినిమా మొత్తం చూసి ఇస్తారు గానీ, మా పిల్లల్లో సగం మంది విషం దగ్గరే కోటు వేసుకుని వెళ్లిపోతారు.

పైగా, నాన్న గల్ఫ్‌లోనో మరో దేశంలోనో పనిచేస్తున్న పిల్లలు మా క్లబ్బులో కొందరున్నారు. ఇంటికి రావాలనుకుని రాలేకపోయిన తండ్రిని, వదిలేసి పోయాడని తరాల తరబడి ఇంటివాళ్లే అనుకోవడం వాళ్లకు ఎలా తగులుతుందో ఏ బోర్డూ కొలవదు. దగ్గర కూర్చున్న మనిషే గమనించాలి. అలాగని వాళ్లకు చూపించకూడదని నేను అనలేదు. తండ్రి నిజంగా వదిలేయలేదని తెలిసే చివరి భాగం ఆ పిల్లలకే ఎక్కువ కావాలి, దాన్ని చూడకుండా ఇంటికి పంపకూడదు.

అందుకే స్కూలు ఉన్న రోజుల్లో సాయంత్రం పూట వద్దని, టర్మ్ మధ్యలో వచ్చే హాఫ్ టర్మ్ సెలవుల్లో పిల్లలు పూర్తిగా మా దగ్గరే ఉండే రోజున పొద్దున్నే వేద్దామని చెప్పాను. మేనేజరు మొదట కొంచెం సణిగినా ఒప్పుకున్నారు. తల్లిదండ్రులకు రాసిన ఉత్తరంలో పీజీ అని మాత్రమే కాకుండా, కథలో తాతలు, ముత్తాతల మరణం వస్తుందనీ, ఒక హత్య ఉందనీ, సినిమా అయ్యేలోపు పిల్లలను తీసుకెళ్లవలసి వస్తే ముందే చెప్పమనీ రాశాము. ఇటీవలే అమ్మమ్మను పోగొట్టుకున్న ఒక బాబు తల్లి ఈసారికి వద్దని రాసింది, వాడికి పక్క గదిలో లెగో పెట్టాము. సాయంత్రాలకు మాత్రం పదినిమిషాల లోపు ముగిసే కార్టూన్లే వేస్తున్నాము.