బేతెస్ద కోనేటి దగ్గర అడిగిన ప్రశ్న

యొర్దాను నది ఇంత చిన్నదా! బస్సు దిగి మెట్ల దగ్గర నిలబడగానే మా వాళ్లందరి నోటా వచ్చిన మొదటి మాట అది. కృష్ణా, గోదావరీ చూసి పెరిగిన కళ్లకు అది పంటకాలువలా కనిపించింది. మట్టిరంగు నీళ్లు. అవతలి గట్టు జోర్డాన్ దేశం. అక్కడ కూడా తెల్లబట్టలు వేసుకున్న యాత్రికులు నీళ్లలోకి దిగుతున్నారు. గట్టిగా పిలిస్తే పలికేంత దూరంలో ఉన్నారు, కానీ మధ్యలో దేశాల సరిహద్దు.

ఈ చోటును ఖస్ర్ అల్ యహూద్ అంటారు. యెరికోకి దగ్గర. 1967 యుద్ధం తర్వాత చాలా ఏళ్లు మూసి ఉంచి, 2011లో మళ్లీ జనానికి తెరిచారు. దారికి రెండువైపులా ముళ్లకంచెలు, మందుపాతరలు ఉన్నాయని హెచ్చరించే పసుపు బోర్డులు. యోహాను పాపక్షమాపణ కోసం మారుమనస్సు బాప్తిస్మం ఇచ్చింది, యేసు ప్రభువు కూడా వచ్చి ఆ వరుసలో నిలబడింది ఇక్కడేనని సంప్రదాయం. ఏ పాపమూ లేనివాడు పాపుల వరుసలో నిలబడటం గురించి ఎన్ని ప్రసంగాలు విన్నానో! అయినా ఆ బురదనీళ్లు చూశాక గానీ అది నా మనసుకు ఎక్కలేదు.

మాది గుంటూరు లూథరన్ సంఘం. 1842లో అమెరికా నుంచి వచ్చిన మిషనరీ హెయ్యర్ గారు గుంటూరులో మొదలుపెట్టిన పరిచర్య మా తాతముత్తాతల దాకా వచ్చింది. మాకు పసితనంలోనే బాప్తిస్మం ఇస్తారు కాబట్టి ఇక్కడ మళ్లీ తీసుకోలేదు. నీళ్లలో నిలబడి ప్రార్థన చేసుకున్నాం, అంతే. అమ్మ కొంగు తడవకుండా ఒక చేత్తో పట్టుకుని, ఇంకో చేత్తో నా భుజం పట్టుకుని దిగింది. పెద్దమామయ్య మాత్రం మోకాళ్ల లోతు దాకా వెళ్లి, దోసిలితో నీళ్లు తీసుకుని నెత్తిన పోసుకుని చాలాసేపు కళ్లు మూసుకుని నిలబడిపోయాడు.

అక్కడినుంచి యెరూషలేముకు ప్రయాణం అంతా ఎక్కుడే. సముద్రమట్టానికి దాదాపు 400 మీటర్ల కింద నుంచి 750 మీటర్ల ఎత్తుకు బస్సు ఎక్కుతుంది. చుట్టూ యూదయ అరణ్యం. అరణ్యమంటే చెట్లు కాదు, గడ్డి కూడా సరిగ్గా మొలవని బూడిదరంగు కొండలు. పాస్టరుగారు మైకు తీసుకుని లేవీయకాండం 16వ అధ్యాయం గుర్తు చేశారు. ప్రాయశ్చిత్త దినాన రెండు మేకలు. ఒకదాన్ని బలి ఇస్తారు. రెండోదాని తల మీద ప్రధానయాజకుడు రెండు చేతులూ పెట్టి, జనం పాపాలన్నీ ఒప్పుకుని, దాన్ని అరణ్యంలోకి తోలేస్తాడు. ఆ మేకను తోలేసిన అరణ్యం ఈ వైపే అయ్యుండాలి అన్నారు ఆయన. ఒక మేకే చాలదా, రెండెందుకు అని నాకు చిన్నప్పటినుంచీ సందేహం. ఆ కిటికీలోంచి చూస్తుంటే అర్థమైంది. పాపానికి శిక్ష తీరడం ఒకటి. ఆ పాపం మన మధ్యనుంచి వెళ్లిపోవడం ఇంకొకటి. మనలో చాలామందిమి మొదటిదానికి స్తోత్రం చెప్పి అక్కడే ఆగిపోతాం.

తర్వాత సాక్ష్యాల సమయం. పెద్దమామయ్య లేచి మైకు తీసుకున్నాడు. ఆయన సాక్ష్యం మా ఇంట్లో అందరికీ తెలిసిందే. ఒకప్పుడు ఆయన తాగుడు వల్ల అత్తయ్య పుట్టింట్లో ఉండాల్సి వచ్చింది. ఒక ఉపవాస కూడికలో ఆయన ఏడ్చి, ప్రభువును వేడుకుని మానేశాడు. మళ్లీ ముట్టలేదు. చెబుతుంటే ఇప్పటికీ గొంతు వణుకుతుంది. బస్సంతా "హల్లెలూయ" అన్నది. అమ్మ మాత్రం కిటికీ వైపు తిరిగి, "మా అన్నయ్య సాక్ష్యం సగమే చెప్పాడు" అంది నాతో.

ఆ మిగతా సగం చిన్నమామయ్య. అన్నదమ్ములిద్దరికీ పొలాల మధ్య గట్టు దగ్గర మొదలైన తగాదా, తర్వాత ఉమ్మడి బోరు ఖర్చు దాకా పోయింది. మాటలు లేవు. ఒకరింట్లో పెళ్లికి ఇంకొకరు రాలేదు. ఆదివారం గుడిలో ఒకరు కుడివైపు కూర్చుంటే ఇంకొకరు ఎడమవైపు. ఇద్దరికీ ఒక్కగానొక్క చెల్లెలు అమ్మ. రాఖీలాంటి అలవాటు మాకు లేదు గానీ, క్రిస్మస్‌కి రెండిళ్లకూ విడివిడిగా అరిసెలు పట్టుకెళ్లేటప్పుడు ఆమె ముఖం చూడాలి.

గెత్సేమనే, గలిలయ గురించి ఇక్కడ రాయను. వాటి గురించి చాలామంది రాశారు. నేను చెప్పాల్సింది బేతెస్ద గురించి. సింహద్వారం (లయన్స్ గేట్) దాటి యెరూషలేము పాతనగరంలోకి అడుగుపెట్టగానే కుడిచేతి వైపు ఒక ఆవరణ, అందులో పరిశుద్ధ అన్నా దేవాలయం. క్రూసేడర్ల కాలంలో, 12వ శతాబ్దంలో కట్టింది. లోపల అలంకారం ఏమీ లేదు, వట్టి రాయి. కానీ పాట పాడితే మాత్రం ఆ రాయి పలుకుతుంది. మా కంటే ముందు ఒక ఆఫ్రికా బృందం పాడింది. వాళ్లయ్యాక మేం తెలుగు కీర్తన ఎత్తుకున్నాం. చివరి మాట మేం ఆపేశాక కూడా పైకప్పులో తిరుగుతూనే ఉంది. తబలా లేదు, కీబోర్డు లేదు. మన కీర్తన అంత అందంగా ఎక్కడా వినలేదు నేను.

గుడి పక్కనే కోనేరు. పైనుంచి కటకటాలు పట్టుకుని కిందికి చూడాలి. చాలా లోతు. విరిగిన స్తంభాలు, పాత కమానులు, ఒకదాని మీద ఒకటి వేరువేరు కాలాల గోడలు. అడుగున గడ్డి, ఒక మూల కాస్త నీరు. తవ్వకాలకు ముందు, ఐదు మంటపాల కోనేరు అనేది నిజంగా లేదు, యోహాను సువార్తలోని కల్పన అన్నవాళ్లున్నారు. తవ్వి చూస్తే జంట కోనేళ్లు బయటపడ్డాయి. నాలుగు పక్కలా నాలుగు మంటపాలు, రెండింటి మధ్య అడ్డుకట్ట మీద ఐదోది.

ముప్పై ఎనిమిదేళ్లుగా జబ్బుతో పడి ఉన్న మనిషి ఇక్కడే. పాస్టరుగారు యోహాను 5వ అధ్యాయం చదివి ఒకే ఒక్క సంగతి అడిగారు. "స్వస్థపడగోరుచున్నావా అని ప్రభువు అడిగితే ఆ మనిషి ఏం జవాబు చెప్పాడు? అవునన్నాడా, కాదన్నాడా?"

ఎవరూ పలకలేదు. నిజమే, అతను అవుననలేదు. నీళ్లు కదిలినప్పుడు ముందు దిగినవాడు బాగవుతాడని అప్పట్లో నమ్మకం. నన్ను కోనేట్లో దించడానికి ఎవరూ లేరు, నేను దిగేలోగా ఇంకొకడు దిగుతున్నాడు అని చెప్పుకొచ్చాడు. అతను చెప్పింది ఎదుటివాళ్ల తప్పు. అన్నేళ్లు ఒకే పరుపు మీద ఉంటే ఆ పరుపే ఇల్లయిపోతుంది. కోపం కూడా అంతే. దాని మీద పడుకుంటాం, దాన్ని చూపించి పది మంది దగ్గరా సానుభూతి తెచ్చుకుంటాం. లేచి నడవమంటే భయం వేస్తుంది. ప్రభువు అతని ఫిర్యాదుకు జవాబు ఇవ్వలేదు. పరుపెత్తుకుని నడవమన్నాడు. తర్వాత దేవాలయంలో అతన్ని వెతికి పట్టుకుని, ఇక పాపం చేయకు అని కూడా అన్నాడు. స్వస్థపరిచి వదిలేయలేదు, వెతుక్కుంటూ వెళ్లాడు. నాకు ఈ అధ్యాయంలో అన్నిటికంటే ఇష్టమైన మాట అదే.

అందరూ ఫొటోలకు కదిలారు. పెద్దమామయ్య కటకటాలు పట్టుకుని అక్కడే ఉండిపోయాడు. నేను దగ్గరికి వెళ్తే, "వాడే ముందు గట్టు తవ్వాడమ్మా" అన్నాడు. నేను ఏమీ అడగలేదు అప్పటికి.

మర్నాడు పరిశుద్ధ సమాధి దేవాలయం. లోపలికి వెళ్లగానే కుడివైపు నిటారుగా రాతిమెట్లు. పైన గొల్గొతా, అంటే ప్రభువును సిలువ వేశారని చెప్పే బండ. గ్రీకు బలిపీఠం కింద మోకరిల్లి, వెండి బిళ్ల మధ్యలో ఉన్న రంధ్రంలో చెయ్యి పెడితే అసలు బండ తగులుతుంది. అమ్మకు మోకాళ్ల నొప్పులు. అయినా వంగి, మోచేతి దాకా చెయ్యి పెట్టింది. లేచాక ఆ చేతిని చాలాసేపు కొంగులో చుట్టి పట్టుకుంది. ఆ మెట్లు దిగాక, సరిగ్గా ఆ బండ కింద ఆదాము పేరుతో చిన్న గది ఉంది. అద్దం వెనక చీలిన రాయి కనిపిస్తుంది. ఆదాము పుర్రె ఇక్కడ పాతిపెట్టారని, సిలువ మీద నుంచి కారిన రక్తం ఆ చీలికలోంచి దిగి ఆ పుర్రెను తాకిందని పాతకాలపు నమ్మకం. తూర్పు సంఘాల సిలువ చిత్రాల్లో కింద పుర్రె వేసేది అందుకే. ఆ పుర్రె కథ చరిత్ర అని నేను అనను. కానీ అందులో చెప్పదలచిన సత్యానికి నా హృదయమంతా ఆమెన్ అంటుంది. మొదటి మనిషి దగ్గరనుంచి తరతరాలుగా మనకు దిగివచ్చిన బానిసత్వం వేరు దాకా ఆ రక్తం దిగింది. కొమ్మలు కొట్టి వదిలేసే రక్షణ కాదు మనది. తాగుడు ఒక కొమ్మ. అన్నదమ్ముడి మీద పగ ఇంకో కొమ్మ. వేరు ఒకటే, దానికి విరుగుడూ ఒకటే.

ప్రొటెస్టెంటు బృందాలు ప్రభురాత్రి భోజనం తీసుకునేది ఎక్కువగా తోట సమాధిలో. దమస్కు గుమ్మం బయట, పుర్రె ఆకారంలో ఉన్న కొండరాయి పక్కన. ప్రభువు అసలు సమాధి ఇదా, ముందు చూసిన దేవాలయంలోదా అన్న వాదన ఉంది. ఇక్కడైతే చెట్ల నీడ, బెంచీలు, తలుపు మీద ఆయన ఇక్కడ లేడు, లేచి ఉన్నాడు అన్న మాట. గోడ అవతల బస్టాండు హారన్లు. ఒలీవ చెక్కతో చేసిన చిన్నచిన్న గిన్నెల్లో ద్రాక్షరసం పోస్తున్నారు. పాపపు ఒప్పుకోలు చదవడం మొదలైంది. రెండు వాక్యాలు కూడా కాలేదు, పెద్దమామయ్య లేచి నిలబడ్డాడు.

"అయ్యగారూ, నేను తీసుకోలేను. మా తమ్ముడితో మాట్లాడాలి."

బలిపీఠం దగ్గర నీ అర్పణ విడిచిపెట్టి, ముందు వెళ్లి నీ సహోదరుడితో సమాధానపడు అని ప్రభువు చెప్పాడు గదా. పాస్టరుగారు ఒక్క మాట అడగలేదు. జేబులోంచి తన ఫోను తీసి ఇచ్చారు. మాకు ఉదయం పది, ఇంటి దగ్గర మధ్యాహ్నం ఒంటిగంటన్నర. కొత్త నంబరు కాబట్టి చిన్నమామయ్య ఎత్తాడు.

"ఒరేయ్, నేనురా."

అటువైపు చాలాసేపు ఏమీ లేదు. తర్వాత, "ఎక్కణ్నుంచి?" అని వినిపించింది.

"యెరూషలేము నుంచి. అన్నం తిన్నావా?"

"తింటన్నా."

"గట్టు విషయంలో నన్ను క్షమించరా. బోరు విషయంలో కూడా. ఆ మాటలు అనకుండా ఉండాల్సింది."

చిన్నమామయ్య ఏమన్నాడో మాకు వినపడలేదు. పెద్దమామయ్య చెట్టుకు ఆనుకుని ఏడుస్తున్నాడు. అమ్మ వెళ్లి ఫోను లాక్కుంది. "అన్నయ్యా, నేనూ ఇక్కడే ఉన్నా. ఇంకేం మాట్లాడకు, అన్నం తిను ముందు" అంది. ఆమె కూడా ఏడుస్తోంది, కానీ గొంతు మాత్రం పెద్దదే. మా వెనక తర్వాతి బృందం వచ్చి నిలబడి ఉంది. తోట చూసుకునే పెద్దావిడ సంగతేమిటో అడిగి తెలుసుకుని, వాళ్లను ఇంకో చెట్టు కిందికి తీసుకెళ్లింది. మేం ఒప్పుకోలు మొదటినుంచి మళ్లీ చదివాం. ఆ రోజు గిన్నె అందుకునేటప్పుడు పెద్దమామయ్య చేతులు వణకడం చూశాను.

ఇంటికి వచ్చాక చిన్నమామయ్యే సర్వేయరును పిలిపించాడు. గట్టు కొలిచారు, రాళ్లు పాతారు. బోరు ఖర్చు లెక్క మాత్రం ఇంకా తేలలేదు. ఆదివారం ఆరాధన అయ్యాక ఇద్దరూ గుడి అరుగు మీద కూర్చుని, పాత రసీదులు ముందేసుకుని, ఆ లెక్కే మాట్లాడుకుంటున్నారు.