వారెన్‌లో అమ్మకానికి ఒక ప్యాకార్డ్

ఒకప్పటి అమెరికన్ కార్ల కంపెనీ ప్యాకార్డ్ 1937లో చేసిన వన్-ట్వంటీ మోడల్, నాలుగు తలుపుల సెడాన్, ముదురు నీలం రంగు, ధర 26,000 డాలర్లు. బండి ఒహాయో రాష్ట్రంలో వారెన్ ఊరి బయట ఉంది. ఆ ప్రకటన చూసిన దగ్గర్నుంచి మా బావకి నిద్ర లేదు. అక్టోబరులో ఒక శనివారం తెల్లవారకముందే ఇద్దరం బయల్దేరాం.

బావ ఉండేది మిషిగన్ రాష్ట్రంలో, డెట్రాయిట్ పక్కన ట్రాయ్‌లో. ఈ చుట్టుపక్కల తెలుగువాళ్లలో చాలామంది లాగే ఆయన కూడా కార్ల పార్టులు తయారుచేసే చోట ఇంజనీరు. ప్యాకార్డ్ మీద ఇష్టం మాత్రం హైదరాబాద్‌లో మొదలైంది. ఇంజనీరింగ్ చదివే రోజుల్లో పురానీ హవేలీలోని నిజాం మ్యూజియంకి వెళ్తే, అక్కడ రోల్స్ రాయిస్‌తో పాటు ఒక ప్యాకార్డ్ కూడా ఉందట. అందరూ రోల్స్ రాయిస్ దగ్గర మూగితే ఈయన ప్యాకార్డ్ దగ్గర ఆగిపోయాడు. ఆ కంపెనీ ఏమైపోయిందన్న ప్రశ్న అప్పటి నుంచి ఆయన్ని వదల్లేదు.

హైవే ఎక్కేముందు డెట్రాయిట్‌లో ఈస్ట్ గ్రాండ్ బులెవార్డ్ మీదుగా వెళ్దామన్నాడు. ప్యాకార్డ్ ఫ్యాక్టరీ ఉండింది అక్కడే. ఆల్బర్ట్ కాన్ అనే ఆర్కిటెక్ట్ గీసిన డిజైన్, దాదాపు 35 లక్షల చదరపు అడుగులు. అందులో 1905లో కట్టిన పదో నంబరు భవనం, కార్ల ఫ్యాక్టరీల్లో ఇనుప కడ్డీల కాంక్రీటు వాడకానికి దారి చూపించింది. రెండో ప్రపంచ యుద్ధంలో 55 వేలకు పైగా మెర్లిన్ విమాన ఇంజన్లను ప్యాకార్డే చేసి ఇచ్చింది. 1956లో డెట్రాయిట్‌లో ప్యాకార్డ్ కార్ల తయారీ ఆగిపోయింది. తర్వాత దశాబ్దాల పాటు ఆ భవనాలు పాడుబడిపోయి, అద్దాలు లేని కిటికీలతో నిలబడి ఉండేవి. 2022లో కూల్చడం మొదలుపెట్టారు. మేం వెళ్లేసరికి ఎక్కువ భాగం నేలమట్టమైంది. బావ కారు దిగి, కంచె పట్టుకుని కాసేపు చూసి, "ఇక పద" అన్నాడు.

టొలీడో దాకా మామూలు దారే. ఒహాయో టర్న్‌పైక్ అనే టోల్ రోడ్డు ఎక్కాక ఇరువైపులా కోతకొచ్చిన మొక్కజొన్న, సోయా పొలాలు. అక్క కట్టిచ్చిన పులిహోర సర్వీస్ ప్లాజాలో తినేశాం. క్లీవ్‌లాండ్‌కి దక్షిణంగా కయహోగా లోయ మీది ఎత్తైన వంతెన దాటేటప్పుడు కింద చెట్లన్నీ ఎరుపు, పసుపు. ఒహాయోలో చూడ్డానికేముంది అనేవాళ్లు ఒక్కసారి అక్టోబరులో ఆ వంతెన దాటాలి.

ప్యాకార్డ్ కథ మొదలైంది కూడా క్లీవ్‌లాండ్ నుంచి వారెన్‌కి వెళ్లే దారిలోనే. 1898లో జేమ్స్ వార్డ్ ప్యాకార్డ్ క్లీవ్‌లాండ్‌లో అలెగ్జాండర్ వింటన్ అనే కార్ల తయారీదారు దగ్గర ఒక కారు కొన్నాడు. అది దారిలోనే మొరాయించిందట. తర్వాత వెళ్లి ఫిర్యాదు చేస్తే, అంత తెలిసినవాడివి నువ్వే చేసుకో అని వింటన్ అన్నాడని చెప్తారు. మరుసటి ఏడే, 1899 నవంబరు 6న, జేమ్స్, అన్న విలియం కలిసి వారెన్‌లో తమ మొదటి కారు రోడ్డెక్కించారు. కంపెనీ 1903లో డెట్రాయిట్‌కి వెళ్లిపోయినా వారెన్ వాళ్లు ఆ పేరు వదల్లేదు. అక్కడి నేషనల్ ప్యాకార్డ్ మ్యూజియం చిరునామాలో ఇంటి నంబరు కూడా 1899. మ్యూజియం చూసుకుని మధ్యాహ్నానికి అమ్మే పెద్దాయన ఇంటికి చేరాం.

గ్యారేజ్ తలుపు పైకి లేవగానే ముందు కనపడింది రేడియేటర్ చట్రం. పైన భుజాల దగ్గర వంపు తిరిగి, ఎద్దుల మెడ మీది కాడిలా ఉంటుంది. 1904 నుంచి ప్యాకార్డ్ ఆ ఆకారం వదల్లేదు. చక్రాల మధ్యలో ఎర్రటి షడ్భుజి గుర్తు. దూరం నుంచి చూసినా అది ప్యాకార్డ్ అని తెలిసిపోయే రెండు ఆనవాళ్లూ చెక్కుచెదరకుండా ఉన్నాయి.

పాత కార్ల అభిమానుల్లో కొందరు వన్-ట్వంటీని కాస్త చిన్నచూపు చూస్తారు. పన్నెండు సిలిండర్ల పెద్ద బళ్ల ముందు ఇది చవక రకం అని. నేను ఒప్పుకోను. 1930ల మహా మాంద్యంలో పీర్‌లెస్, మార్మన్, డ్యూసెన్‌బర్గ్, పియర్స్-ఆరో లాంటి ఖరీదైన కార్ల కంపెనీలన్నీ ఒకదాని వెనుక ఒకటి మూతపడ్డాయి. ప్యాకార్డ్ నిలబడిందంటే 1935లో వచ్చిన ఈ వన్-ట్వంటీ వల్లే. ధర 980 డాలర్ల నుంచి మొదలైంది. ముందు చక్రాలకు విడివిడి సస్పెన్షన్, హైడ్రాలిక్ బ్రేకులు ప్యాకార్డ్‌లో మొదట వచ్చింది ఇందులోనే, ఖరీదైన బళ్లలో కాదు. 1937లో ఇవి సుమారు 50 వేలు తయారయ్యాయి. చవక బండి చేయడం వల్లే ప్యాకార్డ్ పేరు పోయిందని అంటారు గానీ, క్యాడిలాక్ 1949కే కొత్తరకం వి-8 ఇంజన్ తెస్తే ప్యాకార్డ్ 1955 దాకా తేలేకపోయింది. అసలు దెబ్బ అక్కడ తగిలిందని నా అభిప్రాయం.

బావ రంగు వైపు చూడనే లేదు. జేబులోంచి గుడ్డ చుట్టిన చిన్న మాగ్నెట్ తీసి తలుపుల కింది అంచుల వెంబడి, వెనక మడ్‌గార్డుల మీద నెమ్మదిగా జరుపుకుంటూ వెళ్లాడు. తుప్పు తిన్నచోట లప్పం పెట్టి రంగేసి ఉంటే మాగ్నెట్ అతుక్కోదు. ఎడమవైపు వెనక చక్రం పైన అరచేయంత మేర పట్టు వదిలేసింది. పెద్దాయనే ముందుకొచ్చి, "అక్కడ పాతికేళ్ల కిందట సొట్ట పడింది, సరిచేయించాను" అని ఫొటో చూపించాడు.

పెద్దాయన హుడ్, అంటే బానెట్, పక్కనుంచి పైకి మడిచి తెరిచాడు. పొడవాటి ఇంజన్, వరసగా ఎనిమిది సిలిండర్లు, 282 ఘనపు అంగుళాలు, 120 హార్స్‌పవర్. దాని వెనక, ఇంజన్‌కీ మనుషులు కూర్చునే చోటుకీ మధ్య ఉండే ఫైర్‌వాల్ మీద చిన్న రేకు. ప్యాకార్డ్ బళ్లకున్న గొప్ప సౌకర్యం ఈ రేకు. బండి నంబరుతో పాటు అమ్మిన డీలరు పేరు, ఊరు, బండి అప్పగించిన తేదీ దాని మీద గుద్ది ఉంటాయి. టార్చ్ వేసి చదివితే క్లీవ్‌లాండ్, 1937 మార్చి అని కనపడింది. టైటిల్, అంటే బండి ఎవరిదో చెప్పే కాగితం, దాని మీది నంబరూ రేకు మీది నంబరూ ఒకటే. ఇది చాలా ముఖ్యం. ఆ రోజుల్లో చాలాచోట్ల ఇంజన్ నంబరుతోనే టైటిల్ ఇచ్చేవాళ్లు. మధ్యలో ఇంజన్ మారితే కాగితాలు ఒక బండివి, బండి మరొకటి అయిపోయి రిజిస్ట్రేషన్ దగ్గర పెద్ద టెన్షన్.

బావ అడిగిన మొదటి ప్రశ్నకే పెద్దాయన ముఖం వెలిగింది. ఇంజన్ బ్లాకులో చివరి సిలిండర్ల దాకా నీళ్లు పంచే పల్చటి గొట్టం ఒకటి ఉంటుంది. అది లోపలే తుప్పు పట్టిపోతే ముందు సిలిండర్లు చల్లగానే ఉంటాయి, వెనకవి వేడెక్కి వాల్వులు పాడవుతాయి. పైకి ఏమీ కనపడదు. అది ఎప్పుడు మార్చారని బావ అడిగాడు. పెద్దాయన ఒక అట్టపెట్టె తెచ్చి బల్లమీద పెట్టాడు. గొట్టం మార్చిన రసీదు, పాత గొట్టం ముక్క, బ్రేకు సిలిండర్ల బిల్లులు, ఇథనాల్ కలిసిన ఇప్పటి పెట్రోలుకి తట్టుకునే రబ్బరు పైపులు వేసిన తేదీ, అన్నీ ఆయన చేతిరాతలో. నా దృష్టిలో ఆ 26,000లో సగం విలువ ఆ పెట్టెదే.

స్టార్ట్ చేశాక ఇంజన్ మీద పావలా డాలరు నాణెం అంచు మీద నిలబెట్టాడు. పడలేదు, ఇంజన్ అంత కుదురుగా తిరుగుతోంది. తర్వాత బావని స్టీరింగ్ ముందు కూర్చోబెట్టి, "మొదటి గేర్‌కి సింక్రోమెష్, అంటే గేరు సాఫీగా పడేలా చేసే ఏర్పాటు, లేదు. బండి పూర్తిగా ఆగాకే వేయాలి, తొందరపెడితే పళ్లు అరుస్తాయి" అని చెప్పి ఊరి రోడ్డు మీద తిప్పించాడు. వెనక సీట్లో నేను. మోకాళ్లు చాపుకున్నా ముందు సీటు తగల్లేదు. నలభై మైళ్ల వేగంలో కూడా గొంతు పెంచకుండా మాట్లాడుకున్నాం.

"ఎంత తగ్గిస్తారు?" అని నేనే అడిగాను. పెద్దాయన ధర తగ్గించలేదు, అట్టపెట్టెతో పాటు విడి కార్బురేటర్, రెండు హెడ్‌లైట్ అద్దాలు ఇస్తానన్నాడు. బావ అక్కడికక్కడే అడ్వాన్స్ ఇచ్చేశాడు. ఒహాయోలో అమ్మేవాళ్ల సంతకం నోటరీ ముందు పడాలి కాబట్టి ఆ పనికి వేరే రోజు పెట్టుకున్నారు. బండి తేవడం మాత్రం ఇప్పుడే కాదు. నవంబరు దాటితే మిషిగన్ రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, అది పాత ఇనుముని తినేస్తుంది. ఏప్రిల్ వానలకి రోడ్లు కడిగినట్టయ్యాక ట్రైలర్ తీసుకుని రమ్మన్నాడు పెద్దాయన. అప్పటిదాకా నెలకోసారి ఇంజన్ వేడి చేస్తూ ఉంటానన్నాడు.